మనసు తలుపు ప్రారంభోత్సవం

పేరమ్మ పోయిందని మా ఎదురింటి నాగరత్తమ్మ మా ఆవిడతో చెప్పిందట. మా ఆవిడ నాకు చెప్పింది. నాగరత్తమ్మ శవాన్ని చూసి చెప్పిన మాట కాదిది, లెక్కగట్టి చెప్పిన మాట.

ఆమె లెక్క ఇదీ. ఆదివారం పొద్దున నలుగురు కాలేజీ పిల్లలు ఒకే రంగు చొక్కాలు వేసుకుని ఆటో దిగారు. పేరమ్మ ఇంటి పంచలో వరసగా కూర్చుని తలలు వంచుకున్నారు. ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు. పేరమ్మ కోడలు రమణమ్మ కాఫీ తెచ్చిస్తే వద్దని నలుగురూ చేతులు అడ్డం పెట్టారు. కాసేపుండి, పోయొస్తామని మాటవరసకైనా అనకుండా లేచారు. వెనక్కి తిరిగి చూడలేదు. బజారు చివర చేతిపంపు దగ్గర ఆటో ఆపి, కాళ్ళు కడుక్కుని మరీ పోయారు.

మా వైపు చావింటికి పరామర్శకు పోయినవాళ్ళు పోయొస్తామని చెప్పరు. చెబితే మళ్ళీ రావాలి, మళ్ళీ రావాలంటే ఆ ఇంట్లో మళ్ళీ ఒకరు పోవాలి. కాఫీ ముట్టరు, వెనక్కి చూడరు, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటారు. ఇన్ని గుర్తులు కళ్ళ ముందు కనపడ్డాక నాగరత్తమ్మకు డాక్టరు కాగితం ఎందుకు? ఆ ఇంట్లో పోవడానికి వయసున్నది పేరమ్మ ఒక్కతే. వీధిలో శవం ఉండగా పొయ్యి వెలగకూడదు కాబట్టి నాగరత్తమ్మ సగం ఉడికిన అన్నం కుండ దించేసి పొయ్యిలో నీళ్ళు చల్లింది. ఆమె పొయ్యి ఆరిందని పక్కింటావిడ తన గ్యాసు కట్టేసింది. కాసేపట్లో వీధి వీధంతా చల్లారింది.

ఆ తర్వాత ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని బయల్దేరారు. పేరమ్మ ఆ టయానికి పెరట్లో కూర్చుని చింతపండుకు గింజ తీస్తోంది. వీధివైపు ఏడుపులు వినపడి, తన ఇంట్లోనే ఎవరికో ఏదో అయిందని హడలిపోయి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఆడవాళ్ళ మధ్య కూలబడి తానూ మొదలుపెట్టింది. ఎవరో తెలియకపోయినా ముందు ఏడ్చి తర్వాత అడగడం మా ఊరి మర్యాద. నాగరత్తమ్మ కళ్ళు మూసుకుని గుండెలు బాదుకుంటూ, అడిగినవాళ్ళకు లేదనని తల్లీ, వెన్నలాంటి మనసున్న తల్లీ అని ఎత్తుకుంది. పేరమ్మ కాసేపు విని, కొంగు తీసింది.

"ఏమే నాగరత్తం, పిల్లికి బిచ్చం పెట్టదని మొన్ననేగా బావికాడ నన్ను తిట్టింది? ఈ వెన్న మాటలు నేను చచ్చిందాకా దాచిపెట్టుకున్నావా?"

దీనికంతటికీ మూలం పేరమ్మ మనవరాలు కోటేశ్వరి. డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఆ పిల్లకు మనసు బాగాలేదని కాలేజీ వాళ్ళు తేల్చారు. ఎట్లా తేల్చారో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

పెద్దవాళ్ళతో చెప్పుకోలేని బాధ ఈడు పిల్లలతో చెప్పుకుంటే సగం తీరుతుందని, అందుకని విద్యార్థులకే తర్ఫీదు ఇచ్చి తోటివాళ్ళ మనసుల బాగోగులు చూసుకునేట్టు చేయాలని పైనుంచి కాలేజీలకు ఉత్తర్వు వచ్చింది. మాట మంచిదే. కల్లంలోనూ బావి దగ్గరా బస్సు వెనక సీట్లోనూ జనం ఎప్పటినుంచో చేసుకుంటున్న పనే అది. అయితే ఎంత మంచి మాటైనా ఒకసారి ఆఫీసు గుమ్మం దాటి లోపలికి పోయిందంటే, బయటికొచ్చేసరికి కన్నతల్లి కూడా గుర్తుపట్టదు.

పథకం పేరు మనోమిత్ర. టౌన్లో మా పిల్లలు చదివే కాలేజీకి ప్రిన్సిపాల్ చిదంబరరావు గారు. ఉత్తర్వు వచ్చిన గంటలో క్లాసు లేక వరండాలో నిలబడి ఉన్నందుకు కామర్సు లెక్చరరు భుజంగరావు గారు దీనికి నోడల్ అధికారి అయ్యారు. ఉత్తర్వు పైభాగాన సగం తెరిచిన తలుపు బొమ్మ ఉంది. కింద 'మనసు తలుపు తెరుద్దాం' అని రాసి ఉంది. చిదంబరరావు గారు దాన్ని చాలాసేపు చూసి, రాష్ట్రంలో అన్ని కాలేజీలూ రిబ్బన్ కత్తిరించి ఊరుకుంటాయనీ, మన సంస్థలో మాత్రం ముఖ్య అతిథి చేత నిజమైన తలుపునే తెరిపించాలనీ నిర్ణయించారు.

తలుపు కొనడానికి పద్దు లేదు. ఉన్నవాటిలో ఒకటి చూడమని అటెండరును పంపారు. కాలేజీలో తలుపులకు కొదవలేదు గానీ, కొన్నింటికి గడియ లేదు, కొన్నింటికి కింద చెక్క లేదు, ఆఫీసు రూము తలుపును ఎత్తిపట్టుకుని నడిపిస్తేగానీ కదలదు. బిజాగిరీలూ గడియా సరిగ్గా ఉండి చప్పుడు లేకుండా తెరుచుకునే తలుపు మొత్తం కాలేజీలో ఒక్కటే తేలింది. బిల్డింగ్ వెనక ఆడపిల్లల బాత్రూం తలుపు. దాన్ని చట్రంతో సహా పెరికి తెచ్చి, గులాబీ రంగు కొట్టించి, మధ్యలో ఎర్రటి గుండె బొమ్మ వేయించి, సెమినార్ హాలు వేదిక మీద నిలబెట్టి పట్టుబట్ట కప్పారు. ప్రారంభోత్సవానికి పరిశీలన బృందం అధ్యక్షురాలు ఆచార్య మందాకిని గారు రావాలి. ఆవిడ ఈ వారం అన్నారు, పై వారం అన్నారు, ఆ పై నెల అన్నారు. పట్టుబట్ట మీద దుమ్ము చేరింది. అక్కడ బాత్రూం నోరు తెరుచుకుని ఉండిపోయింది.

దీని గురించి పెద్దగా గోల జరగలేదు. టౌను ఆడపిల్లలు మధ్యాహ్నం ఇళ్ళకు పోయొస్తారు. లేడీ లెక్చరర్లు ఇద్దరూ కాలేజీ ఎదురుగానే అద్దెకుంటున్నారు. ప్రిన్సిపాల్ గారి గదికి ఉన్న బాత్రూం పాత జవాబు పేపర్లతో నిండి ఎప్పుడో స్టోరు రూమైంది. ఇక మగవాళ్ళంటారా, వాళ్ళకు ప్రహరీగోడ అవతల దేశమంతా ఉంది.

ఎటూ కానిది కోటేశ్వరి ఒక్కతే. మా ఊరు బస్సు రూటులో ఆఖరిది. మొదటి బస్సుకు పోతుంది, చివరి బస్సుకు వస్తుంది. ఆ పిల్ల ఎవరితో పోట్లాడకుండా ఒక ఉపాయం ఆలోచించుకుంది. కడుపులోకి ఏదీ పోకపోతే బయటికి రావాల్సిన అవసరం ఉండదు కదా. పొద్దున లేచిన దగ్గర్నుంచీ నీళ్ళు ముట్టడం మానేసింది. క్యారేజీ విప్పడం మానేసింది. మధ్యాహ్నానికి తలనొప్పి పట్టుకునేది, తల బల్ల మీద వాల్చేది. పలకరిస్తే ఊ అనేది కాదు. ఆఖరి బెల్లు కొట్టగానే ఎవరి మొహమూ చూడకుండా బస్టాండుకు ఉరికేది.

ఇటు కాలేజీలో మరో ఇబ్బంది వచ్చిపడింది. మనోమిత్రలుగా ఉండడానికి కాలేజీలో సగంమంది ముందుకొచ్చారు. నీలం చొక్కా ఇస్తారు, టోపీ ఇస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు. బాధపడడానికి మాత్రం ఒక్కరూ రాలేదు. బాధపడేవాళ్ళకు చొక్కా లేదు.

స్టాఫ్ మీటింగులో చిదంబరరావు గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఇంత పెద్ద విద్యాసంస్థలో ఒక్క దుఃఖిత విద్యార్థి కూడా లేడంటే అది మన పరిపాలనా వైఫల్యం కాదా? రేపు బృందం వచ్చి లబ్ధిదారు ఎక్కడ అంటే ఎవర్ని చూపిస్తాం?"

వెతుకులాట మొదలైంది. ప్రేమ విఫలమైన కుర్రాడొకడు దొరికాడు గానీ, అతని పేరు ఎక్కించేలోపే ఆ అమ్మాయి అతని వంక చూసి నవ్వింది. అతను అనర్హుడైపోయాడు. హాజరు తక్కువైన ఇంకొకడు, హాజరు వేస్తానంటే ఎంతకాలమైనా దిగులుపడతానని ముందుకొచ్చాడు. పరీక్ష పెట్టి చూస్తే నవ్వు ఆపుకోలేకపోయాడు. చివరకు భుజంగరావు గారు ఉత్తర్వు వెనకున్న లక్షణాలను నోటీసు బోర్డులో పెట్టించారు. మౌనం. తల వాల్చుట. ఆహార విముఖత. జల విముఖత. గుంపులో కలవకపోవుట. గృహోన్ముఖ త్వర.

మనోమిత్రలకు నాయకుడు మాల్యాద్రి. పక్కూరి కుర్రాడు, మంచివాడే, చురుకు కొంచెం ఎక్కువ. నోటీసు చదివి, క్లాసులోకి తొంగిచూసి, ఆఫీసుకు పరిగెత్తాడు. పొలంలో లంకెబిందెలు తగిలినట్టు మొహం వెలిగిపోతోంది.

"దొరికింది సార్. ఒక్క లక్షణం కూడా తక్కువ లేదు."

కోటేశ్వరిని పిలిపించారు. నీ దుఃఖం ఈ సంస్థ దుఃఖమనీ, సిగ్గుపడకుండా మనసు తలుపు తెరవమనీ చిదంబరరావు గారు అనునయించారు. ఆ పిల్ల ఇద్దరు మగవాళ్ళ ముందు కాసేపు నేల చూపులు చూసింది. తర్వాత ఏమైతే అయిందని తలెత్తింది.

"నాకు దుఃఖమేం లేదు సార్. ఆడపిల్లల బాత్రూంకి తలుపు లేదు. అది బిగిస్తే నీళ్ళు తాగుతా, అన్నం తింటా. తలనొప్పి దానంతటదే పోద్ది."

భుజంగరావు గారు మార్గదర్శకాలు ముందుకూ వెనక్కూ తిప్పి చూశారు. సదరు విద్యార్థిని చెబుతున్న కారణం మనసుకు వెలుపల ఉన్నదనీ, పథకం పరిధిలోకి మనసు లోపలి కారణాలే వస్తాయనీ ఆయన విన్నవించుకున్నారు. మరి లక్షణాలో, అని చిదంబరరావు గారు అడిగారు. లక్షణాలు అన్నీ పరిధిలోనే ఉన్నాయి సార్, అన్నారు భుజంగరావు గారు. చిదంబరరావు గారు ఇలాంటి చిక్కుముడులు ఎన్నో విప్పినవారు.

"అయితే కారణాన్ని భవనాల కమిటీకి పంపండి. లక్షణాలు మన దగ్గరే ఉంచండి."

భవనాల కమిటీకి కన్వీనరు కూడా భుజంగరావు గారే. ఆయన తనకు తానే ఒక విన్నపం చేసుకుని, సదరు తలుపు ప్రస్తుతం మనోమిత్ర స్వాధీనంలో ఉన్నందున ప్రారంభోత్సవం తర్వాతే పరిశీలించగలమని తనకు తానే జవాబు చెప్పుకున్నారు. పోనీ ఆ వేదిక మీది తలుపే కొన్నాళ్ళు తెచ్చి పెట్టండి సార్, పని పడ్డప్పుడు తీసుకుపోదురు గానీ, అని కోటేశ్వరి బతిమాలింది. ఆచార్యుల వారి అమృతహస్తాల మీదుగా తెరుచుకోవాల్సిన తలుపును ముందుగానే రోజూ ఎవరెవరో తెరవడం భావ్యమా అని చిదంబరరావు గారు నొచ్చుకున్నారు.

అసలు మెలిక ఆ తర్వాత వచ్చింది. మార్గదర్శకాల ప్రకారం లబ్ధిదారుకు మనసు కుదుటపడిందని మిత్రులు ధ్రువీకరించాకే హాల్ టికెట్ ఇవ్వాలి. బృందం వచ్చేదాకా కుదుటపడడానికి వీల్లేదు, ఎందుకంటే కాలేజీ మొత్తానికి ఉన్న దుఃఖం అదొక్కటే. కోటేశ్వరి హాల్ టికెట్ ప్రిన్సిపాల్ గారి సొరుగులోకి పోయింది. ఆ పిల్లకు నిరుడు పరీక్షల ముందు పచ్చకామెర్లు వచ్చి ఏడాది పోయింది. ఈసారి కూడా తప్పితే ఇక పుస్తకాలు కట్టిపెట్టమని తండ్రి చెన్నకేశవులు ముందే చెప్పేశాడు. ఆ ముక్క కోటేశ్వరి చెప్పుకుంటే చిదంబరరావు గారు ఎంతో వాత్సల్యంగా, "అమ్మా, నువ్వు కాసిన్నాళ్ళు ఓపిక పట్టి దిగులుగా ఉండు. ఆచార్యుల వారి చేతుల మీదుగానే నీ హాల్ టికెట్ ఇప్పిస్తాను. ఎంతమందికి దక్కుతుంది ఆ గౌరవం?" అన్నారు.

ఇక మనోమిత్రల తర్ఫీదు. పైనుంచి వచ్చిన వీడియో ప్రొజెక్టరులో ఎక్కలేదు. భుజంగరావు గారు మార్గదర్శకాలే చదివి వినిపించారు. బాధితుల దగ్గరకు పోయి కూర్చోవాలి. ఎక్కువ మాట్లాడరాదు. సలహాలు ఇవ్వరాదు. నవ్వరాదు. అంతా సర్దుకుంటుందని అనరాదు. వారి బాధను మన బాధగా అనుభవించాలి. పిల్లలు బిక్కమొహాలు వేశారు. మాల్యాద్రి లేచి నిలబడ్డాడు.

"ఇది మాకు వచ్చు సార్. చావింటికి పోయినప్పుడు చేసేదే గదా."

భుజంగరావు గారికి గుండెల మీది బరువు దిగిపోయింది. పథకాన్ని స్థానిక సంస్కృతికి అనుగుణంగా మలచుకోవచ్చని ఉత్తర్వులో ఒక వాక్యం ఉంది. ఆ క్షణం నుంచి మాల్యాద్రే గురువు. మంగళ, శుక్రవారాలు పరామర్శకు పోకూడదన్నాడు. బాధితుల ఇంట్లో ఏదీ పుచ్చుకోకూడదన్నాడు. లేచేటప్పుడు చెప్పకూడదు, వెనక్కి చూడకూడదు, వచ్చాక కాళ్ళు కడుక్కోవాలి. పిల్లలందరికీ ఇవి పుట్టినప్పటినుంచీ వచ్చినవే. అంత సులువుగా పూర్తయిన శిక్షణ జిల్లాలో మరొకటి లేదని భుజంగరావు గారు పైకి తెలియజేశారు.

అప్పటినుంచీ కోటేశ్వరి బల్ల చావిల్లయింది. ఇంటర్వెల్ కొట్టగానే నీలం చొక్కాలు వచ్చి చుట్టూ కూర్చుని తలలు వంచేవి. ఒకరు నిట్టూరిస్తే పక్కవారు అందుకునేవారు. మాట్లాడకూడదు కాబట్టి, జల విముఖతకు మందుగా తలా ఒక నీళ్ళ సీసా తెచ్చి ఆమె ముందు పెట్టి, ఆమె వంకే చూస్తూ కూర్చునేవారు. పొద్దున్నుంచీ గొంతు తడపని పిల్ల ముందు నిండుసీసాలు పెళ్ళివారి వరసలా బారులు తీరేవి. ఆమె అటు చూడకుండా మొహం పక్కకు తిప్పుకుంటే, దుఃఖం ముదిరిందని ఇంకో జట్టును పంపేవారు. నిజంగానే ఎప్పుడూ ఏడవని పిల్లకు ఒకరోజు ఆ సీసాలను చూసి కళ్ళ నీళ్ళు వచ్చాయి. మాల్యాద్రి వెంటనే ఫోటో తీయించాడు. వారం మొత్తంలో ఆమె హాయిగా తల వాల్చి పడుకునేది మంగళవారం, శుక్రవారమే.

తర్వాత గృహ సందర్శన అనే అంశం దగ్గరకు వచ్చారు. ఆ ఆదివారం మా ఊరొచ్చిన ఆటో అదే. కోటేశ్వరి ఆ టయానికి తలంటుకుని పెరటి చావిట్లో జుట్టు ఆరబెట్టుకుంటోంది. వాళ్ళు వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. పరామర్శకు బాధితులు ఎదురుగా ఉండాలని మా పద్ధతిలో ఎక్కడా లేదు, ఇంటికి పోవడం ముఖ్యం.

పేరమ్మ చావు కబురు ఫోన్లలో చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. పేరమ్మ పుట్టింటివాళ్ళు చావింట్లో పొయ్యి వెలగదని అన్నం, పప్పు, వంకాయ కూర వండుకుని గిన్నెలతో దిగారు. మనిషి గుమ్మంలో కూర్చుని ఎవురమ్మా మీరంతా అని పలకరిస్తుంటే వాళ్ళ మొహాలు చిన్నబోయాయి. ఇంత శ్రమపడి వస్తే ఇదా మర్యాద అని తమ్ముడి భార్య గొణిగింది. వీధిలో పొయ్యిలన్నీ ఆరిపోయి ఉన్నాయి కాబట్టి ఆ పూట వీధంతా ఆ అన్నమే తిన్నారు. పేరమ్మ రెండోసారి వంకాయ కూర వేయించుకుంది.

మర్నాడు చెన్నకేశవులు పని మానుకుని కాలేజీకి పోయాడు. మీ పిల్లలు మా ఇంటిమీద పడి బతికున్న మనిషికి శోకాలు పెట్టించారని గట్టిగానే అడిగాడు. ఊరు ఊరంతా వచ్చి ఏడ్చిందన్న మాట దగ్గర చిదంబరరావు గారు కుర్చీలోంచి లేచారు.

"ఒక్క విద్యార్థిని మనోవేదనకు గ్రామం యావత్తూ కన్నీరు పెట్టిందా?"

"పిల్ల కోసం కాదు సార్. మా అమ్మ కోసం."

"ఎవరి కోసమైతే ఏమిటయ్యా. కన్నీరు కన్నీరే గదా." ఆయన భుజంగరావు గారి వైపు తిరిగి, దీన్ని సామూహిక సహానుభూతి కింద చూపించమన్నారు. చెన్నకేశవులుకు శాలువా కప్పారు. అతను ఏం తిట్టాలని వచ్చాడో మరిచిపోయి, శాలువా మడిచి చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. హాల్ టికెట్ సంగతి అడిగావా నాయనా అని కూతురు అడిగితే తల గోక్కున్నాడు.

సామూహిక సహానుభూతి పైవాళ్ళకు బాగా నచ్చింది. ఆచార్య మందాకిని గారు ఈ కాలేజీని తప్పక చూడాలని తేదీ ఖాయం చేశారు. పరీక్షలు మొదలయ్యే ముందురోజు. అప్పుడు మాల్యాద్రి ఒక ధర్మసందేహం లేవనెత్తాడు. పరామర్శలు అయ్యాయి గానీ దినం చేయలేదు, దినం పెట్టనిదే దుఃఖం ముగిసినట్టు ఎట్లా అవుతుందని. భుజంగరావు గారికి అది సబబుగా తోచింది. ప్రారంభోత్సవమూ సమాపనోత్సవమూ ఒకేసారి జరుపుదామనీ, గారెలతో భోజనం పెడదామనీ, గ్రామస్తులను ఆహ్వానిద్దామనీ అనుకున్నారు. మొదలూ చివరా ఒకరోజే అయితే మధ్యలో ఏం జరిగిందని ఎవరూ అడగరని చిదంబరరావు గారు కూడా సంతోషించారు.

ఆ ఆహ్వానం మా ఊళ్ళోకి వచ్చేసరికి, కాలేజీలో పేరమ్మ దినం పెడుతున్నారంట అని తేలింది. పేరమ్మ ఏమీ అనుకోలేదు. తన దినం గారెలు తనే తినే యోగం ఎంతమందికి ఉంటుందని ఉతికిన చీర కట్టుకుని అందరికన్నా ముందు ట్రాక్టరెక్కింది.

ఆరోజు సెమినార్ హాలు కిటకిటలాడింది. ముందు వరసలో పేరమ్మ, పక్కన నాగరత్తమ్మ. వేదిక మీద గులాబీ రంగు తలుపు, దానికి రిబ్బను. తలుపు వెనక కోటేశ్వరి. ఆచార్యుల వారు తలుపు తెరవగానే ఆమె దుఃఖంలోంచి ఆనందంలోకి అడుగు పెట్టి, 'ఇప్పుడు నేను సంతోషంగా ఉన్నాను' అని మైకులో ఒక్క ముక్క చెప్పాలి. వెంటనే హాల్ టికెట్ ఇస్తారు. అంతకుమించి ఒక్క అక్షరం కూడా మాట్లాడవద్దని భుజంగరావు గారు పొద్దున్నించీ చెబుతూనే ఉన్నారు. పిల్ల పెదాలు ఎండి, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. మేకప్ అక్కరలేకుండా కుదిరిందని ఆయన తృప్తిపడ్డారు.

ఆచార్య మందాకిని గారు రావడం మధ్యాహ్నం దాటింది. దారి పొడుగునా ఉన్న కాలేజీల వాళ్ళంతా కారు ఆపి స్వాగతం పలికారట. ఒకరు కొబ్బరి బొండాం ఇచ్చారు, ఒకరు మజ్జిగ, ఒకరు చెరకు రసం. మా వాళ్ళేం తక్కువ తిన్నారా, దిగీ దిగగానే పెద్ద గ్లాసుతో బాదం పాలు ఇచ్చి ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడ్డారు. దారిలో ఎక్కడా ఆగడానికి వీలు కాలేదనీ, కార్యక్రమం కొంచెం త్వరగా ముగిస్తే బాగుంటుందనీ ఆవిడ నెమ్మదిగా అన్నారు. క్రమశిక్షణ గల మనిషని చిదంబరరావు గారు మెచ్చుకుని, తన స్వాగతోపన్యాసాన్ని చదవడం మొదలుపెట్టారు. అది చాలా విపులంగా సాగింది. తరువాత భుజంగరావు గారి నివేదిక. తరువాత మనోమిత్రల ప్రదర్శన. నీలం చొక్కాలు వేదిక మీదకు వచ్చి కూర్చుని, తలలు వంచి, ఎవరికీ చెప్పకుండా లేచి, వెనక్కి చూడకుండా దిగి, కింద పెట్టిన ప్లాస్టిక్ టబ్బులో కాళ్ళు కడుక్కున్నాయి. నీళ్ళ చప్పుడుకు ఆచార్యుల వారు కళ్ళు మూసుకున్నారు. చలించిపోయారని భుజంగరావు గారు పక్కవారితో గుసగుసలాడారు.

తలలు వంచడం చూడగానే మా ఊరి ఆడవాళ్ళకు అలవాటు చొప్పున ఏడుపు వచ్చింది. నాగరత్తమ్మ వెన్నలాంటి మనసు దగ్గర ఎత్తుకుంది. "నేనిక్కడే ఉండాగదే, గారెలు తినిందాకా ఆగలేవా" అని పేరమ్మ మోచేత్తో ఒక్కటి పొడిచింది.

ఆచార్యుల వారి వంతు వచ్చింది. మూడు గంటలు ప్రసంగిస్తారని పేరున్న మనిషి కాగితాలు రెండేసి మూడేసి కలిపి తిప్పేశారు. యువత మనసు విప్పాలి, సమాజం చెవి ఒగ్గాలి, సంస్థలు తమ తలుపులు తెరవాలి, నమస్కారం అని ముగించి, కత్తెర అందుకున్నారు. రిబ్బను తెగింది. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. బిజాగిరీలు అంత బాగున్నాయి. హాలంతా చప్పట్లు. కోటేశ్వరి గడప దాటి ఇవతలికి వచ్చింది. మాల్యాద్రి మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. చిదంబరరావు గారు హాల్ టికెట్ను పళ్ళెంలో పెట్టి ఆచార్యుల వారికి అందించారు. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకున్నారు గానీ ఇవ్వడం మరిచిపోయినట్టున్నారు. మొహాన చెమటలు పట్టాయి. వేదిక మీదున్న ఒకే ఒక్క ఆడపిల్ల కదా అని కోటేశ్వరి చెవి దగ్గరకు వంగి అడిగారు. మైకు ఆన్లోనే ఉంది.

"అమ్మాయ్, ఇక్కడ లేడీస్ బాత్రూం ఎటువైపమ్మా?"

హాలు చివర స్పీకర్లోంచి కూడా ఆ మాట స్పష్టంగా వినపడింది. చిదంబరరావు గారు భుజంగరావు గారి వంక చూశారు. భుజంగరావు గారు మాల్యాద్రి వంక చూశారు. మాల్యాద్రికి వచ్చింది ఒకటే విద్య, తల వంచుకున్నాడు.

కోటేశ్వరి తొందరపడలేదు. ముందు ఆచార్యుల వారి చేతిలోంచి హాల్ టికెట్ తీసుకుంది. పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. మడిచి, చున్నీ కొసన కట్టి, ముడి రెండుసార్లు బిగించింది. అప్పుడు మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"బాత్రూం బిల్డింగ్ వెనక ఉంది మేడం. దాని తలుపే మీరిప్పుడు తెరిచింది."